గీత గీస్తే సైకిల్ దారి అయిపోదు

ఈ నెల ప్రశ్నలన్నీ రోడ్డు మీదివే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే మాట అడిగినవాటిని కలిపేశాం. పేరు వేయొద్దన్నవారే ఎక్కువ కాబట్టి ఊరూ పేటా మాత్రం ఇచ్చాం. జవాబులు రోడ్ల డిజైను, ట్రాఫిక్ పనులు తెలిసినవారివి.

ప్ర: మా పక్క రోడ్డులో ఎడమ అంచున ఆకుపచ్చ రంగు పూసి సైకిల్ బొమ్మ వేసినారు. పది రోజులు తిరక్కముందే దాని మీద కార్లు, ఇసుక కుప్ప, టిఫిన్ బండి. ఆ రంగు డబ్బు బూడిదలో పోసిన పన్నీరేనా?
— కొర్లగుంట, తిరుపతి

జ: రంగుతోనే ఆపేస్తే అంతే. ఇది సైకిల్ చోటు అని చెప్పడం వరకే రంగు పని. కారును ఆపడం దాని చేతకాదు. చక్రానికి అడ్డం పడేది గట్టో గుంజో ఉండాలి. బండ్లు గంటకు 30 కి.మీ. దాటి పోయే రోడ్డులో ఉత్త గీతను నమ్ముకోకూడదు. బండ్ల దారికీ సైకిల్ దారికీ నడుమ కనీసం అర మీటరు వెడల్పు గట్టు రావాలి.

ముందు వెడల్పు లెక్క చూడండి. సైకిల్ హ్యాండిల్ 60, 65 సెం.మీ. ఉంటుంది. ఎంత నిలకడగా తొక్కినా మనిషి అటో జానెడు, ఇటో జానెడు ఊగుతాడు. అంటే ఒక్కరికే మీటరు కావాలి. వెనకొచ్చేవారు దాటిపోవాలన్నా, క్యాన్లు కట్టుకున్న పాలాయన పోవాలన్నా 2 మీటర్లు ఉండాలి. మీటరుంబావు గీసి వదిలేసిన దారిలో దాటాలంటే బండ్లలోకి దిగాల్సిందే. ఆ తరవాత ఎవరూ అందులోకి రారు. రానందుకు, ‘సైకిళ్లే లేవు గదా’ అని దాన్ని పార్కింగ్ చేస్తారు.

మొదట్లో, చివర్లో పెట్టే గుంజల మధ్య ఎడం గురించి. కారును ఆపితే చాలనుకుని మీటరున్నర వదులుతారు. మన ఊళ్లో తిరిగే ఆటో వెడల్పు 1.3 మీటర్లు, హాయిగా దూరిపోతుంది. 1.2 మీటర్లు మించనీయకండి. 90 సెం.మీ. కంటే తగ్గించినా వీల్‌చైరు పట్టదు. స్కూటర్‌ను మాత్రం గుంజలతో ఆపగలమనేవారి మాట నమ్మకండి. దాని హ్యాండిల్‌కూ సైకిల్ హ్యాండిల్‌కూ తేడా బెత్తెడు కూడా లేదు. స్కూటర్లు ఎందుకు దూరుతున్నాయో కనిపెట్టాలి. చాలాచోట్ల కారణం డివైడర్. తిరగడానికి సందు అర కిలోమీటరు అవతల ఉంటే, ఇవతల ఇల్లున్న ప్రతివాడూ రాంగ్ రూట్లో సైకిల్ దారి పట్టుకునే వస్తాడు. సరైన చోట ఒక యూటర్న్ ఇస్తే సగం తగ్గుతారు, మిగతా సగం పోలీసుల పని.

రంగు విషయం కూడా ఉంది. మామూలు పెయింటు ఒక వానాకాలం నిలవదు. రోడ్డు గీతలకు వాడాల్సింది కరిగించి పోసే థర్మోప్లాస్టిక్, మందం 2.5 మి.మీ., పైన గాజు పూసలు చల్లాలి. అయితే దారి పొడుగునా దాన్నే నున్నగా పరిస్తే అక్టోబరు, నవంబరు వానల్లో సైకిల్ సర్రున జారుతుంది. బండ్లు అడ్డం వచ్చే కూడళ్లలో, గేట్ల ముందర మాత్రమే రంగు వేసి, మిగతాది గరుకు తారుగానే వదిలేయడం మేలు.

చివరగా డ్రైనేజీ జాలీలు. కన్నాలు సైకిల్ పోయే దిక్కుకే పొడుగ్గా ఉంటే చక్రం అందులో దిగిపోయి మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. కన్నాలు అడ్డంగా ఉండాలి, వెడల్పు 2 సెం.మీ. లోపుండాలి. జాలీని పెకలించి పావు చుట్టు తిప్పి పెడితే చాలు. ఖర్చు మేస్త్రీ అరపూట కూలి.

ప్ర: మాది 60 అడుగుల రోడ్డు. ఇప్పటికే ఇరుకు. సైకిల్ దారికి చోటు ఎక్కడి నుంచి తెస్తారు?
— భవానీ నగర్, తిరుపతి

జ: 60 అడుగులంటే 18 మీటర్లు. అటొక రెండు, ఇటొక రెండు మీటర్ల ఫుట్‌పాత్ తీసేస్తే 14. సైకిల్ దారులు రెండు వైపులా రెండేసి మీటర్లు, మిగిలింది 10. గట్లకు అరేసి మీటరు, 9. ఇక బండ్లకు మూడేసి మీటర్ల వరుసలు రెండు, అంటే 6. ఇంకా 3 మీటర్లు మిగిలాయి. చెట్లు, కరెంటు స్తంభాలు, పూలమ్మే తట్టలు, బస్టాపు కోసం అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. లెక్క సరిపోయింది. బస్సు వెడల్పు రెండున్నర మీటర్ల పైచిలుకు కాబట్టి బస్సులు తిరిగే రోడ్డయితే వరుసకు 3.25 చేసి, ఆ పావు మీటరు చెట్ల పట్టీలోంచి తీసుకోండి.

ఈ లెక్కలో లేనిది ఒక్కటే, రెండు వైపులా నిలిపేసిన కార్లు. ఇప్పుడు మీ రోడ్డులో ‘ఇరుకు’ అనిపిస్తున్నది అవే. టేపు పట్టుకుని చూడండి. నిలిపిన కారు రెండు మీటర్లు, తలుపు తీయడానికి ఇంకో అర, రెండు వైపులా కలిపి 5 మీటర్లు. 18 మీటర్ల రోడ్డులో నాలుగో వంతు కంటే ఎక్కువ కదలని ఇనుముకు పోతోంది.

40 అడుగుల వీధుల్లో మాత్రం వేరే దారి కోసం పట్టుబట్టకండి. అక్కడ వేగం తగ్గించడమే మందు. అందరూ 30 కి.మీ. లోపు పోతే సైకిల్ బండ్లతో కలిసే పోవచ్చు. 30లో పోయే బండి, నడిపేవాడు చూసి బ్రేకు తొక్కి ఆగేసరికి దాదాపు 13 మీటర్లు తీసుకుంటుంది. 50లో అయితే 28 మీటర్లు. నడుమ ఉన్న ఆ 15 మీటర్లలో ఓ బడిపిల్ల ఉందనుకోండి, మిగతా లెక్క చేయబుద్ధి కాదు.

ప్ర: అంగడి ముందర బండ్లు నిలపనీకపోతే గిరాకీ పోదా? సైకిల్లో వచ్చేవాడు ఏం కొంటాడు?
— గాంధీ రోడ్డు వ్యాపారి, తిరుపతి

జ: ఒక పని చేయండి. ఒక మామూలు రోజు, ఒక శనివారం, సాయంత్రం 5 నుంచి 8 దాకా మీ కౌంటర్‌లో కాగితం పెట్టుకుని వచ్చినవారు ఎలా వచ్చారో గీతలు పెట్టండి: నడిచి, బస్సు దిగి, ఆటో, స్కూటర్, కారు. పక్కనే ఇంకో కాగితంలో, మీ అంగడి ముందర నిలిచిన బండ్లు ఎవరివో రాయండి. పొద్దున తెచ్చి పెట్టి రాత్రి దాకా తీయని బండ్లు చాలామటుకు అంగళ్లవారివీ పనివాళ్లవీ అయివుంటాయి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ తిరిగే జనంలో కాలినడకనే ఉన్నవారు ఎందరో మేం చెప్పక్కర్లేదు.

ఒక కారు నిలిపే చోటు 5 మీటర్ల పొడుగు, రెండున్నర వెడల్పు. అందులో పది సైకిళ్లు పడతాయి. స్టాండు ఎలాంటిదో చూసుకోండి. ముందు చక్రం దూర్చే గాడి స్టాండు వద్దు, సైకిల్ పక్కకు ఒరిగితే రిమ్ము వంగుతుంది, తాళం చక్రానికే పడుతుంది, దొంగ చక్రం వదిలేసి తక్కింది ఎత్తుకుపోతాడు. 5 సెం.మీ. లావు ఇనుప పైపును తలకిందులు చేసిన ‘యూ’లా వంచి, నేలపైన 75, 80 సెం.మీ. ఎత్తు ఉండేలా, 30 సెం.మీ. కాంక్రీటులో పాతండి. పైపుకూ పైపుకూ మీటరు ఎడం. అటొకటి ఇటొకటి, పైపుకు రెండు సైకిళ్లు. ఫ్రేముకూ చక్రానికీ కలిపి తాళం పడుతుంది.

మీ భయంలో న్యాయమైన భాగం సరుకు దింపుకోవడం. దానికి పొద్దున 9కి ముందు, రాత్రి 10 తరవాత సమయం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చెన్నైలో 2019 నవంబరులో తెరిచిన పాండీ బజార్ నడక దారిని ఒకసారి పోయి చూసి రండి. సరుకులకు ఎటూ అక్కడికి పోతూనే ఉంటారు కదా.

ప్ర: రైల్వే స్టేషన్, బస్టాండు, లీలామహల్ సర్కిల్ తిరిగే ఆటోవాళ్లం. సైకిల్ దారి అనంగానే మొదట తరిమేది మమ్మల్నే. మా కడుపు కొట్టి సైకిలోళ్లకు రోడ్డిస్తారా?
— లీలామహల్ సర్కిల్, తిరుపతి

జ: మీ కోపం సబబే. డ్రాయింగులో ఆటో స్టాండు గీయకుండా రోడ్డు కట్టి, తరవాత ఆటోలు అడ్డమంటారు. తప్పు గీసినవారిది. ఆరు ఆటోలకు 18 నుంచి 20 మీటర్ల పొడుగు, 2 మీటర్ల వెడల్పు చాలు. అది కూడలికి ముందు కాకుండా, కూడలి దాటాక కనీసం 30 మీటర్ల అవతల ఉండాలి. ముందుంటే సిగ్నల్ దగ్గర ఎడమకు తిరిగే బండ్లన్నీ మీ వెనకే చిక్కుకుంటాయి.

స్టాండు బండ్ల దారిని ఆనుకుని, సైకిల్ దారి దాని వెనక నుంచి పోవాలి. నడుమ మనిషి దిగి నిలబడడానికి మీటరు గట్టు వదలాలి. లేకుంటే దిగిన ముసలావిడ నేరుగా సైకిల్ ముందుకు దిగుతుంది. బస్టాపుకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే షెల్టరుతో కలిపి ఆ తిన్నె రెండున్నర మీటర్లు ఉండాలి. జనం దాటే చోట సైకిల్ దారిని ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే సైకిల్ తనంతట తాను నెమ్మదిస్తుంది. బస్సు ఆగిన ప్రతిసారీ సైకిల్ దాని కుడి పక్కకు వెళ్లాల్సిన అవస్థ తప్పుతుంది. నిజానికి నడక, సైకిల్ బాగుపడిన ఊళ్లో కొందరి దగ్గరైనా సొంత బండి ఉండదు. వానొస్తే, సామానుంటే ఎక్కేది మీ ఆటోయే.

ప్ర: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడి రెండున్నర కిలోమీటర్లు. సైకిల్లో పోతానంటోంది. పంపచ్చా? ఏమేం చూసుకోవాలి?
— బాలాజీ కాలనీ, తిరుపతి

జ: పంపొచ్చు, దారి చూశాక. ఆదివారం పొద్దున కాకుండా బడి వేళకే ఇద్దరూ కలిసి నడిచి పోండి. దగ్గరి దారి కంటే కుడివైపు మలుపులు తక్కువుండే దారి మంచిది. మన దేశంలో సైకిల్‌కు ప్రాణసంకటం కుడి మలుపే, నడి రోడ్డులోకి జరగాలి కాబట్టి. పెద్ద కూడలిలో కుడికి తిరగాల్సి వస్తే దిగి, జీబ్రా గీతల మీద నడిపించుకుని రెండు విడతలుగా దాటమనండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. 300 మీటర్లు చుట్టయినా లోపలి వీధులు పట్టుకోండి.

సైకిల్ కొలత: ఎత్తు 135 నుంచి 150 సెం.మీ. మధ్య ఉంటే 24 అంగుళాల చక్రం, దాటితే 26. ‘పెరుగుతుంది కదా’ అని పెద్దది కొనకండి, చొక్కా కాదిది. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెడితే, పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు చాచినట్టుండాలి. ముని వేళ్లతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. బ్రేకు పట్టీ నొక్కితే హ్యాండిల్‌కు తగలకూడదు, నడుమ రెండు వేళ్ల సందు మిగలాలి. బ్రేకు రబ్బరు గాడులు అరిగి నున్నబడితే మార్చేయండి. టైరు పక్కన గాలి ఎంత కొట్టాలో అచ్చు వేసి ఉంటుంది, అంత కొట్టించండి. చాలామంది సగం గాలితో తొక్కుతూ సైకిల్ బరువని తిడుతుంటారు. వెనక ఎర్ర లైటు, ముందు తెల్లది. హెల్మెట్ అంచు కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, నుదురంతా కనిపించేలా వెనక్కి పెట్టుకుంటే అది టోపీయే.

మూడు సంగతులు అలవాటు అయ్యేదాకా చెప్పాలి. నిలిపి ఉన్న కార్ల పక్కన మీటరు ఎడంగా పోవాలి, తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలీదు. సిగ్నల్ దగ్గర బస్సు, లారీ ఎడమ పక్కన సందులో దూరకూడదు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు, ఎడమ కింద ఉన్నది అతనికి కనబడదు, ఎడమకు తిప్పితే వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. మూడోది, ఒక చేత్తో సైకిల్ తిన్నగా నడుపుతూ వెనక్కి తిరిగి చూడగలగాలి. ఇది మైదానంలో వారం పాటు నేర్పండి. ఇది రాని పిల్లను, ఎంత బాగా తొక్కినా సరే, మెయిన్ రోడ్డుకు పంపకండి.

ప్ర: గరుడ వారధి మీద సైకిల్ తొక్కొచ్చా?
— కరకంబాడి రోడ్డు, తిరుపతి

జ: వద్దు. 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచిన ఈ వంతెనను కొందరు శ్రీనివాస సేతు అనే పిలుస్తారు. పైన బండ్లు ఆగకుండా పోవడానికి కట్టింది. సైకిల్ ఎక్కేటప్పుడు 8 కి.మీ. వేగంతో ఊగుతుంటే, వెనక బండి 50లో వస్తుంది. కింది రోడ్డే మీది. పైకి పోయేవారు పైకి పోయాక కింద సైకిల్‌కు చోటు అడగడానికి ఇంతకంటే మంచి వాదన లేదు. కింద స్తంభాల చాటు నుంచి యూటర్న్ తీసుకునే బండ్లతో జాగ్రత్త, మీరు వాళ్లకూ వాళ్లు మీకూ చివరి క్షణం దాకా కనబడరు.

ప్ర: మా వీధిలో బండ్ల స్పీడుకు తట్టుకోలేక మేమే చందాలేసుకుని సిమెంటుతో స్పీడ్ బ్రేకర్ కట్టాం. ఇప్పుడు సైకిళ్లే పడుతున్నాయి. ఎందుకు?
— గిరింపేట, చిత్తూరు

జ: మీరు కట్టింది బహుశా ఒక అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు దిబ్బ. దాన్ని బండి ఎక్కదు, గుద్దుకుంటుంది. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య ఎత్తు 10 సెం.మీ., అంటే తాబేలు వీపులా. దాని మీద 25 కి.మీ. వేగంతో పోతే నడుము విరగదు, 50లో పోతే ఎగిరి పడతారు. సైకిల్ కోసం ఎడమ అంచున మీటరు వదిలేయండి, వాన నీరు కూడా అందులోంచే పోతుంది. దిబ్బకు ముందు బోర్డు, మీద తెల్ల చారలు, పైన వీధి దీపం ఉండాలి. ఇవి లేకుండా చీకట్లో కట్టిన దిబ్బ వల్ల ఎవరైనా పడితే కట్టినవారి మెడకు చుట్టుకుంటుంది. పడగొట్టించి, కార్పొరేషన్ చేత కట్టించుకోండి.

ప్ర: తిరుపతి నుంచి రేణిగుంట వైపు పనికి పోతాను. రోజూ స్కూటర్. సైకిల్, బస్సు, రైలు కలిపి ఏదైనా దారి ఉందా? ఎలక్ట్రిక్ సైకిల్‌కు లైసెన్సు కావాలా?
— ఆటోనగర్, తిరుపతి

జ: రేణిగుంట సుమారు 10 కి.మీ. మామూలు సైకిల్లో 40 నిమిషాలు, ఎలక్ట్రిక్‌లో అరగంట లోపు. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోల లోపు ఉంటే అది చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమ్మేవాడు ‘ఒక మీట నొక్కితే 40 పోతుంది’ అని చెవిలో చెబితే, ఆ మీటతో పాటే ఈ మినహాయింపు కూడా పోతుందని గుర్తుంచుకోండి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. పెడలు కూడా తొక్కుతూ పోతే కిలోమీటరుకు 12, 15 వాట్ అవర్లు, అంటే రానూపోనూ ఒక చార్జింగు. కరెంటు యూనిట్‌లో సగం కూడా కాదు. ఎండలోంచి వచ్చిన వెంటనే చార్జింగు పెట్టకండి, బ్యాటరీ చల్లబడనివ్వండి.

బస్సో రైలో కలుపుకోవాలనుకుంటే సైకిల్‌ను వెంట మోయాల్సిన పని లేదు. ఇంటి నుంచి స్టేషనుకో స్టాపుకో ఒక సైకిల్, స్టాండులో తాళం. అవతల దిగాక ఒక కిలోమీటరు లోపు అయితే నడక, ఎక్కువైతే అక్కడొక పాత సైకిల్ పెట్టుకునేవారూ ఉన్నారు. రెండు తాళాలకు కలిపి పెట్టే ఖర్చు స్కూటర్ ఒక్క సర్వీసుకు రాదు. వారంలో అయిదు రోజులూ మానేయాలని శపథాలు పట్టకండి. రెండు రోజులతో మొదలెడితే నిలబడుతుంది.

ప్ర: మన ఎండల్లో సైకిల్ ఎవరు తొక్కుతారు? ఇవన్నీ చలిదేశాల ముచ్చట్లు కావా?
— శ్రీకాళహస్తి

జ: స్పెయిన్‌లో సెవిల్ అనే ఊరుంది, వేసవిలో అక్కడా 40 డిగ్రీలు దాటుతుంది. 2006 నుంచి నాలుగైదేళ్లలో దాదాపు 120 కి.మీ. సైకిల్ దారులు, ఒకదానికొకటి అతుక్కునేలా వేశారు. అంతకు ముందు లెక్కకు కూడా రాని సైకిళ్లు రోడ్డు నిండా వచ్చాయి. కిటుకు ఆ అతుకులో ఉంది. ఇక్కడ 200 మీటర్లు, అక్కడ 300 మీటర్లు వేస్తే ఎండా వానా సాకులు కాకపోయినా ఎవరూ తొక్కరు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల నీడన 23 కి.మీ. దారి వేశారు. పొద్దుటి వ్యాయామానికి బాగుంది. ఇంటి నుంచి కూరగాయల అంగడికి పోవడానికి మాత్రం వీధిలోని కానుగ, వేప చెట్లే కావాలి. చెట్టును రోడ్డుకు పడమర అంచున నాటితే సాయంత్రపు ఎండకు నీడ దారి మీద పడుతుంది, తూర్పున నాటితే ఎదురింటి గోడ మీద.

ప్ర: తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు) పుత్తూరు రోడ్డు మీద తమిళనాడు నుంచి నడిచొచ్చే భక్తులకు మా ఊరివాళ్లం మజ్జిగ, అన్నం పెడతాం. రాత్రుళ్లు బండ్ల భయం. మేం చేయగలిగింది ఏముంది?
— వడమాలపేట

జ: శిబిరం ఏ పక్కన పెడుతున్నారన్నదే అసలు సంగతి. ఫుట్‌పాత్ లేని రోడ్డులో ఎదురొచ్చే బండ్లకు ముఖం పెట్టి, అంటే కుడి అంచున నడవాలి. మీ పందిరి ఎడమన ఉంటే మజ్జిగ కోసం రాత్రిపూట గుంపులు రోడ్డు దాటుతాయి. కుడిపక్కనే, తారు అంచుకు 10 మీటర్ల లోపలికి వేయండి. మీ ట్రాక్టరు, వంట సామాను వ్యాను రోడ్డు అంచున నిలపకండి. అది నిలిచిన చోట నడిచేవాళ్లు తారు మీదికి ఎక్కుతారు.

వట్టి కాళ్లతో నడిచేవారు తెల్ల గీత మీదే నడుస్తారు, గమనించే ఉంటారు. నల్ల తారు కంటే అది కాస్త చల్లన. బండ్లకు మరీ దగ్గర కూడా. అందుకే నెల ముందే ఆ అంచు మట్టిలో కంకర రాళ్లు, ముళ్ల కంప ఏరించి చదును చేయిస్తే వాళ్లే కిందికి దిగుతారు. పందిట్లో అరటాకుతో పాటు మెరిసే టేపు ముక్కలు రెండేసి ఇవ్వండి, సంచికి ఒకటి, చేతికర్రకు ఒకటి. గుంపులో ముందు నడిచేవారి దగ్గర తెల్ల టార్చి, వెనకవారి దగ్గర ఎర్ర లైటు ఉండాలి.

ప్ర: అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయాం. ‘పరిశీలిస్తాం’ అంటారు. సైకిల్ దారి కావాలంటే ఎవరిని, ఎలా అడగాలి?
— బైరాగిపట్టెడ, తిరుపతి, ఇంకా మరో ముగ్గురు

జ: ‘నగరంలో సైకిల్ దారులు వేయండి’ అని రాస్తే ‘పరిశీలిస్తాం’ అనే వస్తుంది, ఇంకేం రాగలదు? ఒక రోడ్డు, ఒక 300 మీటర్లు అడగండి. బడి ముందరిదైతే మంచిది.

ముందు కొలవండి. 50 మీటర్లకొకచోట, మొత్తం ఆరేడు చోట్ల, గోడ నుంచి గోడకు వెడల్పు. ఎక్కడెక్కడ స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, మూత లేని కాలువ ఉన్నాయో చేత్తో గీసిన బొమ్మ చాలు. తరవాత లెక్కపెట్టండి. బడి వేళ, సాయంత్రం, పదిహేనేసి నిమిషాలు. నడిచేవారు, సైకిళ్లు, రెండు చక్రాలవి, ఆటోలు, కార్లు, బస్సులు విడివిడిగా, ఆడవాళ్లు, పిల్లలు ఎందరో వేరే గడిలో. నాలుగుతో గుణిస్తే గంట లెక్క. రెండు వేర్వేరు రోజులు చేయండి, ఒకటి బ్రహ్మోత్సవాల రద్దీ రోజు అయితే ఆ మాట రాయండి, దాచకండి. వేగం కోసం రోడ్డు పక్కన సుద్దతో 50 మీటర్ల ఎడంలో రెండు గుర్తులు పెట్టి ఫోనులో స్టాప్‌వాచ్ పట్టండి. 6 సెకన్లలో దాటితే 30 కి.మీ., నాలుగున్నరలో అయితే 40, 3.6లో అయితే 50. యాభై బండ్లు చూస్తే చాలు.

ఇక అడిగేది ‘నెల రోజుల ట్రయల్’ అనండి. ఊరికే అనడం లేదు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఒక రోడ్డులో బండ్లను కట్టడి చేయొచ్చు. అది నెల రోజులు మించకపోతే గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే సరిపోతుంది. ఫైలు కదలనిది చాలామటుకు ఆ గెజిట్ దగ్గరే. నీళ్లు నింపే ప్లాస్టిక్ అడ్డుకట్టలు, కోన్లు ట్రాఫిక్ పోలీసుల దగ్గర ఎటూ ఉంటాయి. నెల తరవాత మళ్లీ అదే చోట, అదే వేళ లెక్కపెట్టి పాత కాగితం పక్కన పెట్టండి.

అర్జీ నాలుగు నకళ్లు తీయండి. ఒకటి వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీకి, ఒకటి నగరపాలక సంస్థ కమిషనరుకు, ఒకటి ట్రాఫిక్ పోలీసులకు, నాలుగోది కలెక్టరు ఆధ్వర్యంలోని జిల్లా రోడ్డు భద్రత కమిటీకి. సోమవారం గ్రీవెన్సులో ఇస్తే రసీదు నంబరు వస్తుంది, అది లేకుండా వెనక్కి రాకండి. రోడ్డు హైవేవారిదో ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వారిదో అయితే కమిషనరు ఏమీ చేయలేరు, ముందే కనుక్కోండి. సగం అర్జీలు చచ్చిపోయేది తప్పు గుమ్మంలోనే. అర్జీలో ఒక వాక్యం చేర్చండి: 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైను ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోయినా అంగవైకల్యం కలిగినా కట్టినవారికీ కట్టించినవారికీ లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. బెదిరింపుగా రాయకండి, గుర్తు చేసినట్టు రాయండి.

ఇప్పటికే పని జరిగి పాడైన రోడ్డయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ‘ఎందుకు పాడైంది’ అని అడగకండి, సంజాయిషీ చెప్పడం వాళ్ల పని కాదంటారు. ఉన్న కాగితం అడగండి: ఆ రోడ్డు క్రాస్ సెక్షన్ డ్రాయింగు (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ), ఒప్పందంలో గీతల పని వివరం, ఎం బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఆ పేజీల నకళ్లు. పేజీకి 2 రూపాయలు. ఎం బుక్కులో థర్మోప్లాస్టిక్ 2.5 మి.మీ. అని ఉండి, కొద్ది రోజులకే రంగు పేలికలైతే, ఒక రూపాయి బిళ్లలు రెండు ఒకదానిమీదొకటి పెట్టి ఆ గీత పక్కన ఫోటో తీయండి. ఆ రెండు బిళ్లల మందం అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. ఫోటో, ఎం బుక్కు పేజీ, సోమవారం రసీదు మూడూ ఒకే పిన్నుకు గుచ్చి ఇవ్వండి.